నీలం పెట్రోలు

బసంత్‌నగర్ల దిగి, ఫ్యాక్టరీ గోడ పట్టుకొని నడిస్తే
రన్‌వే ఆఖర్న, సర్కారు తుమ్మల అవతల
రేకుల షెడ్డు. అదే మా దుకాణం.
బోర్డు మీద "ఇంధ" మిగిలింది,
"నం"ను ఎండ తిన్నది.

మా దిక్కు నేలకింద బొగ్గు, నేలమీద సిమెంటు దుమ్ము.
ఇంటికొకరు బాయిలకు దిగెటోళ్ళే.
మా నాయిన రాజలింగం ఒక్కడు
మీదికి పొయ్యేటోళ్ళకు నూనె పోసిండు.
"పది పీపాలు బిడ్డా, గంతే మన ఆకాశం" అనేటోడు.

విమానం పెట్రోలు నీలంగ ఉంటది.
సీసల పట్టి వెలుతురుకు చూపెడితే
ఎండకాలం ఎల్లంపల్లి కాడ నిలవడ్డ గోదారి లెక్క.
వాసన మాత్రం పోదు.
బడిల నా పక్కన ఎవ్వరు కూసునేటోళ్ళు కాదు.

నాయిన నేర్పింది కొంచెమే.
ముందు తీగ కట్టు, తర్వాత మూత ఇప్పు.
విమానం గాలిని రాసుకుంట వస్తది,
ఒంటినిండ నిప్పు దాసుకొని వస్తది,
ముందు దాన్ని మట్టితోని మాట్లాడనియ్యి.
తోలుగుడ్డల వడగట్టు.
కర్రకు మందు పూసి పీపల అడుగుదాక ముంచు,
ఎర్రబడితే నీళ్ళున్నట్టు.
రాత్రి సల్లబడితే పీప సుత చెమటలు కక్కుతది,
మనిషి లెక్క బయటికి కాదు, లోపలికి.

ఇగ యాపారం.
పత్తికి మందు కొట్టే విమానపోళ్ళు రెండేండ్లు వచ్చిన్రు, మానిన్రు.
ఎలచ్చన్లకు హెలికాప్టర్లు, వాటికి తెల్ల నూనె, వేరే పీపాలు.
ఓడినోళ్ళ బాకీ ఖాతాల అట్లనే ఉన్నది.
గెలిచినోళ్ళది సుత.
మిగిలిన దినాలు వరికోత మిషన్లకు డీజిల్ అమ్ముకుంట
షెడ్డు కిరాయి కట్టుడు. ఆ యేడు మూడు నెలలు కట్టలే.

మిరుగు కార్తె. పడమటి దిక్కు నల్లగైంది.
మేకలు రన్‌వే మీద చెదిరినయి,
వాటి నడుమల్నుంచి దిగింది చిన్న విమానం.
తలుపు తీసుకొని వచ్చింది ఇరవై దాటని పిల్ల.
పేరు నౌషీన్. నాగ్‌పూర్ నుంచి పోతుంటే మొగులు అడ్డమొచ్చిందట.
"నలభై లీటర్లు చాలు ఆంటీ, చీకటి పడకముందే వెళ్ళిపోవాలి."

ఒక్క పీప ఉండె.
రూపాయలు చేతుల పట్టుకొని నిలవడ్డది పిల్ల.
కర్ర ముంచిన. తీసిన.
రెండేళ్ళ మందం ఎరుపు.

"కొంచెమే కదా" అన్నది.
"ట్రాక్టరైతే ఆగుతది బిడ్డా, నువ్వు ఆగవు" అన్న.
కోపమొచ్చింది దానికి. రెక్క కింద పోయి కూసున్నది.
వాన దంచిందాక లేవలే.
తర్వాత షెడ్డులకొచ్చి, తల తుడుచుకొని
జొన్నరొట్టె, పచ్చిపులుసు రెండుసార్లు పెట్టించుకున్నది.
రేకుల మీద వాన సప్పుడు వినుకుంట
ఎత్తుల మీద ఇంజను మాట ఎట్ల మారుతదో చెప్పింది.
నేను మొత్తం వినలే, కన్నంటింది.

మర్నాడు పొద్దు తిరిగినంక యాకూబ్ లారీల రెండు పీపాలు దించిండు.
తీగ కట్టిన. ముంచిన. కర్ర పచ్చగనే ఉన్నది.
చేతిపంపు తిప్పుకుంట లెక్కపెట్టిన,
పిల్ల సుత లెక్కపెట్టింది, నన్ను నమ్మక కాదు, అలవాటుకు.
పొయ్యేముందు తానే తీగ ఇప్పి నా చేతికిచ్చింది.

నీళ్ళ పీప మీద సున్నంతోని పెద్ద గుండు సున్న గీసిన.
మేకల పిలగాడు దాని మీదెక్కి కూసుంటడు ఇప్పుడు.

ఖాతా తెరిచి ముందు నిన్నటిది రాసిన.
అమ్మకం: లేదు.
ఖర్చు: రొట్టెలు నాలుగు.
కలం పెట్టినంక చూసుకుంటే
గోర్ల సందుల ఎరుపు ఇంక ఉండె.
సబ్బుకు పోలే.